మూగబోయిన జన్యువుల్ని లేపే ఇంజెక్షన్: గోదావరి జిల్లాల నుంచి అజాసిటిడిన్ కోర్సు నడుపుకోవడం ఎలా

మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఎండీఎస్ (ఎముక మజ్జలో రక్తకణాలు సరిగా తయారుకాని జబ్బు) అనో ఏఎంఎల్ (ఒక రకం రక్తం క్యాన్సర్) అనో తేలిందా? "ఈ వయసులో పెద్ద కీమో తట్టుకోలేరు, అజాసిటిడిన్ మొదలుపెడదాం" అని డాక్టర్ గారు అన్నారా? అయితే ఇది మీకోసమే రాస్తున్నాను. నేను క్యాన్సర్ డే కేర్‌లో నర్సుని, మాది కోనసీమ. రాజోలు, అమలాపురం, నరసాపురం, పాలకొల్లు, భీమవరం వైపు నుంచి వచ్చే కుటుంబాల్లో నేను పదే పదే చూసేది ఒకటే. మొదటి సైకిల్ (28 రోజుల విడత) అయ్యాక కౌంట్లు, అంటే రక్తకణాల సంఖ్యలు, పడిపోతాయి, రెండోది అయ్యాక ఇంకా పడిపోతాయి, దాంతో "ఈ మందు పడలేదు" అని ఎవరో బంధువు తేల్చేస్తారు, మూడో సైకిల్‌కి మనిషి రారు. మందు పని చూపించాల్సిన సమయం అసలు అప్పుడే మొదలవుతుంది. ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే అలా మధ్యలో ఆపరు కాబట్టి ముందు అది చెప్తాను, తర్వాత మన ఊళ్ళ నుంచి దీన్ని ఎలా నడుపుకోవాలో చెప్తాను.

లోపల జరిగేది ఏంటంటే

ప్రతి కణంలోనూ జన్యువులన్నీ ఉంటాయి గానీ అన్నీ ఒకేసారి పనిచేయవు. ఏది పనిచేయాలి, ఏది ఊరుకోవాలి అన్నది డీఎన్‌ఏ మీద ఉండే చిన్న చిన్న రసాయన గుర్తుల్ని బట్టి ఉంటుంది. వాటిలో ముఖ్యమైనది మిథైల్ గుర్తు. ఒక జన్యువు మొదలయ్యే చోట ఈ గుర్తులు గుంపుగా పడితే ఆ జన్యువు మూగబోతుంది. చేలో తప్పు లేదు, కాలవలో నీళ్ళున్నాయి, తూము తలుపు దించేశారు, అంతే. క్యాన్సర్ కణాల్లో చాలాసార్లు ఇదే జరుగుతుంది. కణాన్ని అదుపులో ఉంచే పీ15 లాంటి జన్యువులు పాడవకుండానే నోరు మూసుకుని కూర్చుంటాయి. జన్యువు తెగిపోతే దాన్ని బాగుచేసే మందు లేదు గానీ, మూగబోయిన దాన్ని మళ్ళీ పలికించే అవకాశం ఉంది. ఈ వైద్యం మొత్తం నిలబడింది ఈ ఆశ మీదే.

కణం రెండుగా చీలేటప్పుడు పాత డీఎన్‌ఏ మీదున్న మిథైల్ గుర్తుల్ని కొత్త దాని మీదకి ఎక్కించే ఎంజైమ్ ఒకటుంది, దాని పేరు డీఎన్‌ఎంటీ1. డీఎన్‌ఏలో ఉండే నాలుగు అక్షరాల్లో సైటోసిన్ ఒకటి, ఆ మిథైల్ గుర్తు పడేది దాని మీదే. అజాసిటిడిన్ చూడ్డానికి ఆ సైటోసిన్ ముక్కలాగే ఉంటుంది, అందుకే కణం మోసపోయి దాన్ని తన డీఎన్‌ఏలో కట్టేసుకుంటుంది. గుర్తు వేద్దామని వచ్చిన ఎంజైమ్ దానికి అంటుకుపోయి నాశనమైపోతుంది, తర్వాత పుట్టే కణాల్లో గుర్తులు తగ్గుతూ వస్తాయి, మూగబోయిన జన్యువులు ఒక్కొక్కటిగా లేస్తాయి. జన్యువులే కాదు, మన డీఎన్‌ఏలో ఎప్పటి నుంచో నిద్రపోతున్న పాత వైరస్ ముక్కలు కూడా లేస్తాయని, దాంతో కణం తనకేదో వైరస్ సోకిందనుకుని లోపలే అలారం మోగిస్తుందని 2015లో వచ్చిన పరిశోధనలు చూపించాయి. కాబట్టి ఏదో ఒక్క జన్యువు లేచినంత మాత్రాన మేలు జరిగిపోతుందని అనుకోకండి, చాలా పనులు కలిసి జరుగుతాయి.

ఇక్కడ మీరు గట్టిగా పట్టుకోవాల్సిన ముక్క ఒకటుంది: కణం చీలితేనే ఈ మందు పనిచేస్తుంది. చీలిన ప్రతిసారీ కొన్ని గుర్తులు తగ్గుతాయి, అందుకే ఒక్క సైకిల్‌తో ఏదీ తేలదు. మందు ఆపేస్తే గుర్తులు మళ్ళీ పడతాయి. ఆలస్యంగా ఫలితం రావడమూ, బాగుందనిపించినా కొనసాగించాల్సి రావడమూ రెండూ ఇందువల్లే.

ఈ మందు చరిత్రలో నాకు ఎప్పటికీ ఆశ్చర్యంగా ఉండే సంగతి ఒకటి ఉంది. దీన్ని 1964లో ప్రేగ్‌లో తయారుచేశారు. చాలా ఏళ్ళు దీన్ని మామూలు కీమోలాగే, కణాల్ని చంపడానికి, పెద్ద డోసుల్లో ఇచ్చి చూశారు, మనుషులు తట్టుకోలేకపోయారు. 1980లో పీటర్ జోన్స్, షిర్లీ టేలర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుక కణాల మీద పనిచేస్తూ, ఇది మిథైల్ గుర్తులు పడకుండా ఆపుతుందని, దాంతో కణాల తీరే మారిపోతుందని చూపించారు. ఆ తర్వాతే తక్కువ డోసు, ఎక్కువ కాలం అన్న ఆలోచన బలపడింది. 2004లో అమెరికాలో ఎండీఎస్‌కి అనుమతి వచ్చింది, దీనికి చెల్లెలు లాంటి డెసిటాబిన్‌కి 2006లో వచ్చింది. డోసు తగ్గించడమే గొప్ప అడుగు అయిన మందు ఇది. "తక్కువ డోసు ఇచ్చి మోసం చేస్తున్నారేమో" అని అడిగే వాళ్ళకి నేను ఈ కథే చెప్తాను.

ఆశ ఎంత పెట్టుకోవాలో కూడా చెప్పాలి కదా. ముదిరిన ఎండీఎస్ ఉన్న 358 మందితో చేసిన పెద్ద ట్రయల్ ఫలితాలు 2009లో వచ్చాయి. అజాసిటిడిన్ తీసుకున్న వాళ్ళ మధ్యస్థ ఆయుష్షు (సగం మంది అంతకంటే ఎక్కువ కాలం బతికారని) 24.5 నెలలు, మిగతా వైద్యాలు తీసుకున్న వాళ్ళది 15 నెలలు. అంటే ఇది జబ్బుని పూర్తిగా తీసేసే మందు కాదు, కాలాన్ని పెంచే మందు. ఇంట్లో ఈ మాట ముందే మాట్లాడుకోండి, పేషెంట్‌తో సహా.

మొదటి ఇంజెక్షన్ కంటే ముందు

మొట్టమొదట బోన్ మ్యారో (ఎముక మజ్జ) రిపోర్టు, క్రోమోజోముల రిపోర్టు, మ్యుటేషన్ల రిపోర్టు మూడూ చేతిలో ఉన్నాయా చూసుకోండి. రక్తం తక్కువైందని నెలల తరబడి ఐరన్ మాత్రలు, బీ12 ఇంజెక్షన్లు వాడి వాడి చివరికి ఇక్కడికి వచ్చేవాళ్ళే మా దగ్గర ఎక్కువ, కాబట్టి పాత రిపోర్టులు కూడా తేదీల వరసలో ఒక ఫైల్లో పెట్టండి. మ్యుటేషన్ల రిపోర్టులో ఐడీహెచ్1, ఐడీహెచ్2 అని కనిపిస్తే డాక్టర్‌ని ప్రత్యేకంగా అడగండి. ఆ మార్పులు కూడా చివరికి మిథైల్ గుర్తులు పెరిగేలా చేసేవే, వాటికి వేరే మాత్రలు ఉన్నాయి. టీపీ53 అనే జన్యువులో మార్పు ఉంటే ఫలితం ఎక్కువ కాలం నిలవకపోవచ్చు, ఆ సంగతి కూడా దాచకుండా చెప్పమనండి.

ఎక్కడ చేయించుకోవాలి అని అందరూ అడుగుతారు. నా అభిప్రాయం ఇదీ: రోగ నిర్ధారణ, ప్లాను పెద్ద సెంటర్లో చేయించుకోండి. విశాఖలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ ఉంది, హైదరాబాద్‌లో నిమ్స్, ఎంఎన్‌జే ఉన్నాయి. ఇంజెక్షన్లకి మాత్రం నెల నెలా వారం రోజులు అంత దూరం తిరగడం పెద్దవాళ్ళకి నరకం. ప్లాను రాయించుకుని, కాకినాడ, రాజమండ్రి, ఏలూరు వంటి చోట్ల క్యాన్సర్ డాక్టర్ ఉన్న ఆసుపత్రిలో ఇంజెక్షన్లు చేయించుకోవచ్చా అని ఆ పెద్ద డాక్టర్‌నే అడగండి. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర మాత్రం వద్దు, ఆయన ఎంత మంచివారైనా సరే.

డబ్బు గురించి. ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే మనం ఆరోగ్యశ్రీ అనేది, అందులో మీ జబ్బుకి ఏ ప్యాకేజీ వర్తిస్తుందో ఆసుపత్రిలో ఉండే ఆరోగ్య మిత్రని మొదటి రోజే అడగండి, సగం కోర్సు అయ్యాక కాదు. అజాసిటిడిన్ జెనరిక్స్ మన దేశంలోనే తయారవుతాయి, హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2013 నుంచి అమెరికాకే అమ్ముతోంది. కాబట్టి బ్రాండ్ మారిందని టెన్షన్ పడక్కర్లేదు, జెనరిక్ రాయమని మొహమాటపడకుండా అడగండి.

డోసు లెక్క కూడా తెలుసుకోండి. ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకి 75 మిల్లీగ్రాముల చొప్పున 7 రోజులు, 28 రోజులకొక సైకిల్. 1.6 చదరపు మీటర్ల మనిషికి రోజుకి 120 మిల్లీగ్రాములు పడుతుంది. వయల్ 100 మిల్లీగ్రాములది, అంటే రోజూ రెండో వయల్ తెరవాల్సిందే. బిల్లు చూసి గాబరా పడకుండా ఈ లెక్క ముందే వేసుకోండి. ఆదివారం డే కేర్ మూసేస్తారు కదా అంటే, చాలాచోట్ల 5 రోజులు ఇచ్చి, 2 రోజులు ఆపి, మళ్ళీ 2 రోజులు ఇస్తారు, అది ఒప్పుకున్న పద్ధతే. 28 రోజుల లెక్క మాత్రం మొదటి ఇంజెక్షన్ వేసిన రోజు నుంచి.

ఇంజెక్షన్ల వారం

ఎక్కువగా చర్మం కింద ఇస్తారు: పొట్ట, తొడ, పై చేయి. డోసు ఎక్కువైతే రెండు చోట్ల పొడుస్తారు. రోజూ చోటు మార్చాలి, పాత పోటుకి కనీసం అంగుళం దూరం ఉండాలి. చిన్న నోట్‌బుక్‌లో ఏ రోజు ఎక్కడ వేశారో రాసుకోండి, ఎందుకంటే రోజూ ఒకే నర్సు ఉండరు. పొడిచిన చోట ఎర్రబడి మంటగా ఉంటుంది, అది మామూలే. దాని మీద సున్నం, పసుపు, వేడి కాపడం ఏవీ వద్దు.

మందు కలిపాక తెల్లగా పాలలా ఉంటుంది, పాడైపోయిందనుకోకండి. ఇది కలిపాక త్వరగా చెడిపోతుంది: బయట ఉంటే గంటలోపు వేసేయాలి, కలిపిన వెంటనే ఫ్రిజ్‌లో పెడితే సాధారణంగా 8 గంటలలోపు. కాబట్టి ఆసుపత్రిలో కలిపించుకుని, ఐస్ డబ్బాలో పెట్టుకుని, బస్సులో ఊరికి తెచ్చుకుని తెలిసిన వాళ్ళతో వేయించుకుందామన్న ఆలోచన దయచేసి మానుకోండి. వాంతుల మాత్ర ఇంజెక్షన్‌కి ముందే వేసుకోవాలి. ఆ మాత్ర వల్ల మలబద్ధకం వస్తుంది, విరేచనం మందు కూడా పక్కనే రాయించుకోండి. ముక్కి ముక్కి రక్తం కారితే ప్లేట్‌లెట్లు తక్కువున్న మనిషికి అదో పెద్ద సమస్య. ఎనిమా లాంటివి సొంతంగా పెట్టకండి. ఇంజెక్షన్ల వారంలోనూ, ఆ తర్వాత రెండు రోజులూ వాంతి, మూత్రం శుభ్రం చేసేవాళ్ళు గ్లవ్స్ వేసుకోవాలి. గర్భంతో ఉన్న కోడలో కూతురో ఇంట్లో ఉంటే ఆ పని ఆవిడకి అప్పజెప్పకండి.

అజాసిటిడిన్‌తో పాటు వెనెటోక్లాక్స్ అనే మాత్ర కూడా ఏఎంఎల్‌లో ఇస్తారు. 2020లో వచ్చిన ట్రయల్‌లో అజాసిటిడిన్ ఒక్కటే తీసుకున్న వాళ్ళ మధ్యస్థ ఆయుష్షు 9.6 నెలలైతే, రెండూ కలిపి తీసుకున్న వాళ్ళది 14.7 నెలలు. ఇది మంచి మాత్రే గానీ దీనికి పడనివి ఉన్నాయి. ఫంగస్‌కి ఇచ్చే పోసకొనజోల్, వోరికొనజోల్ దీనితో కలిస్తే డోసు బాగా తగ్గించాలి, కాబట్టి వేరే డాక్టర్ ఏ కొత్త మందు రాసినా క్యాన్సర్ డాక్టర్‌కి ఫోన్ చేశాకే వేసుకోండి. గ్రేప్‌ఫ్రూట్ తినొద్దని చీటీలో రాస్తారు, మనవాళ్ళు "అది మా ఊళ్ళో దొరకదులే" అనుకుంటారు. వినాయక చవితికి పాలవెల్లికి కట్టే మన పంపరపనస దానికి దగ్గరి చుట్టమే. అది కూడా వద్దు. స్టార్ ఫ్రూట్ కూడా వద్దు.

అసలు జాగ్రత్త 10వ రోజు నుంచి

ఇంజెక్షన్లు అయిపోయాయి, ఇంటికి వచ్చేశాం, మనిషి బాగానే ఉన్నారు. అందరూ ఊపిరి పీల్చుకునేది ఇక్కడే, నేను భయపడేదీ ఇక్కడే. సాధారణంగా 10వ రోజు నుంచి మూడో వారం దాకా తెల్లకణాలు అడుగంటుతాయి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అది ఎమర్జెన్సీ, అర్ధరాత్రి అయినా సరే. ముందు పారాసిటమాల్ వేసి తెల్లారే దాకా చూద్దాం అనుకోవద్దు, అది జ్వరాన్ని కప్పేస్తుంది, ఇన్ఫెక్షన్ లోపల పెరుగుతూనే ఉంటుంది. థర్మామీటర్ కొనుక్కోండి, చేత్తో ముట్టుకుని చెప్పే జ్వరం లెక్కలోకి రాదు. కారు ఎవరిది, డ్రైవర్ ఎవరు, ఏ ఆసుపత్రికి వెళ్ళాలి, అక్కడ రాత్రి ఫోన్ ఎత్తేది ఎవరు, ఇవన్నీ గోడ మీద రాసి పెట్టండి.

ఆర్‌ఎంపీ దగ్గర పిరుదు మీద ఇంజెక్షన్ చేయించుకునే అలవాటు మన పల్లెల్లో ఎంత బలంగా ఉందో నాకు తెలుసు. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నప్పుడు కండలోకి వేసే ఇంజెక్షన్ లోపల రక్తం గడ్డ కట్టిస్తుంది. ఒళ్ళు నొప్పులకి డైక్లోఫినాక్, బ్రూఫెన్, ఆస్పిరిన్ కూడా వద్దు. మీ ఊరి ఆర్‌ఎంపీకి మీరే వెళ్ళి ఈ రెండూ ముందుగా చెప్పి రండి, ఆయన అర్థం చేసుకుంటే మీకు పెద్ద అండ.

గడ్డివాము దులపడం, కొబ్బరి పీచు రాశుల దగ్గర కూర్చోవడం, నూర్పిళ్ళ దుమ్ము, వీటిలో బూజు కణాలు ఉంటాయి, ఊపిరితిత్తుల్లో ఫంగస్ పట్టుకుంటే వదలడం కష్టం. రొయ్యల చెరువు గట్టు మీదకి వెళ్ళి చూసి రావడం వేరు, నీళ్ళలోకి దిగడం వేరు, బురదలో చెప్పుల్లేకుండా నడవడం అసలే వద్దు. తిండి విషయంలో నియమం చాలా సింపుల్: అప్పుడే వండింది, వేడిగా. పులసైనా పీతైనా బాగా ఉడికించి పెట్టండి, నోటికి రుచి లేని మనిషిని పత్యం పేరుతో మాడ్చకండి. చద్దన్నం, కోసి అమ్మే పళ్ళు, ఐస్ వేసిన చెరకు రసం మాత్రం కౌంట్లు పెరిగేదాకా ఆపండి.

రక్తం ఎక్కించాల్సి వస్తే బయటి దాతల్ని చూసుకోండి. బోన్ మ్యారో మార్పిడికి అవకాశం ఉన్న మనిషైతే సొంత అన్నదమ్ముల, పిల్లల రక్తం ఎక్కించకూడదు, తర్వాత ఆ మార్పిడికే అడ్డం అవుతుంది. ప్లేట్‌లెట్లు 5 రోజులకి మించి నిల్వ ఉండవు కాబట్టి ముందుగా తెచ్చి పెట్టుకునేది ఉండదు, దాతల లిస్టు మాత్రం ముందుగా ఉండాలి. మీ ఊరి కుర్రాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఈ ఒక్క పని అప్పజెప్పి చూడండి, వాళ్ళు ఎంత బాగా చేస్తారో.

వరదలు, పండగలు

ఈ సంగతి హైదరాబాద్ డాక్టర్ చీటీలో ఉండదు. మీది లంక గ్రామమైతే జూలై నుంచి సెప్టెంబర్ దాకా సైకిల్ మొదలయ్యే ముందే మనిషిని గట్టు ఇవతల ఉన్న చుట్టాలింటికి మార్చేయండి. సఖినేటిపల్లి నుంచి నరసాపురం పంటు (గోదావరి దాటించే పడవ) మీద ఆధారపడే వాళ్ళకి వరదొస్తే అది ఆగిపోతుంది, చుట్టూ తిరిగి వెళ్ళేసరికి జ్వరంతో ఉన్న మనిషికి విలువైన గంటలు పోతాయి. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, ఆ వార్త టీవీలో కనపడగానే సంచి సర్దేయండి, ధవళేశ్వరం దాకా నీళ్ళు వచ్చే వరకు ఆగొద్దు. సంచిలో ఫైలు, మందులు, థర్మామీటర్, శుభ్రమైన దుప్పటి, కాచి చల్లార్చిన నీళ్ళు.

సంక్రాంతి అయితే రెండు చిక్కులు: ఇల్లంతా జనం, ఆసుపత్రిలో సెలవులు. పిల్లలు దగ్గుతూ జలుబుతూ దిగుతారు, తాతగారు కోడిపందేల బరి దాకా వెళ్ళొస్తానంటారు. డిసెంబర్‌లోనే డాక్టర్‌తో కూర్చుని తేదీలు లెక్కేసి, కౌంట్లు అడుగంటే రోజులు పండగ మీద పడకుండా మొదలుపెట్టించుకోండి. రెండు మూడు రోజులు అటూ ఇటూ జరపొచ్చేమో అడగడం వేరు, పండగని ఒక సైకిల్ మొత్తం ఎగ్గొట్టడం వేరు. రెండోది చేయకండి.

ఎప్పుడు పనిచేస్తోందని తెలుస్తుంది

మొదటి రెండు సైకిల్స్‌లో కౌంట్లు పడటం జబ్బు వల్లా కావొచ్చు, మందు వల్లా కావొచ్చు, కానీ దాన్ని బట్టి ఓడిపోయామని తేల్చకూడదు. మొత్తం మీద స్పందించే వాళ్ళలో దాదాపు 10 మందిలో 9 మందికి మొదటి మెరుగుదల 6 సైకిల్స్‌లోపు కనిపిస్తుంది. రక్తం ఎక్కించే ఎడం పెరగడం మొదటి మంచి గుర్తు: నెలకి రెండుసార్లు ఎక్కించే వాళ్ళకి ఒకసారి సరిపోతే అది రాసిపెట్టుకోండి. జబ్బు మరీ ముదిరిపోతోందనో, మనిషి తట్టుకోలేకపోతున్నారనో డాక్టర్ చెప్తే ముందే ఆపాల్సి రావచ్చు, ఆ నిర్ణయం ఆయనది. చుట్టాలది కాదు.

"మా అత్తకి ఊపిరితిత్తుల క్యాన్సర్, ఆవిడకీ ఈ మందు ఇప్పించొచ్చా" అని అడుగుతారు. ఈ దారిలో వచ్చిన మందులకి ఎక్కువ ఫలితం రక్తం క్యాన్సర్లలోనే కనిపించింది. హిస్టోన్ల (డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే ప్రొటీన్ల) మీద పనిచేసే వోరినోస్టాట్ 2006లో, రోమిడెప్సిన్ 2009లో చర్మంలో వచ్చే ఒక రకం లింఫోమాకి (తెల్లకణాల క్యాన్సర్‌కి) వచ్చాయి. గడ్డలుగా వచ్చే క్యాన్సర్లలో మామూలు వైద్యం మానేసి దీని వెంట పడొద్దు, ట్రయల్ ఏదైనా ఉంటే డాక్టర్ ద్వారా అడగండి. అలాగే మూర్ఛకి వాడే వాల్ప్రోయేట్ కూడా హిస్టోన్ల మీద పనిచేస్తుందని ఎక్కడో చదివి సొంతంగా మొదలుపెట్టకండి, అది ప్లేట్‌లెట్లని ఇంకా తగ్గించగలదు. జన్యువుల్ని మేల్కొలుపుతుందని చెప్పి అమ్మే పొడులు, కషాయాలు ఇంట్లో ఉంటే దాచకుండా సీసాతో సహా తెచ్చి చూపించండి, మేము తిట్టం.

నాలుగో సైకిల్ నుంచి ఆరో సైకిల్ మధ్యలో మళ్ళీ బోన్ మ్యారో పరీక్ష చేస్తారు. దానికి వెళ్ళేటప్పుడు మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకెళ్ళండి: బ్లాస్ట్‌లు (ఎదగని జబ్బు కణాలు) ఎంత నుంచి ఎంతకి వచ్చాయి, ఇదే డోసు ఇదే ఎడంతో కొనసాగించాలా, బోన్ మ్యారో మార్పిడికి ఈ మనిషి తగినవారా. జబ్బుని పూర్తిగా తీసేయగలది ఆ మార్పిడి ఒక్కటే. మూడో ప్రశ్నకి అవునన్న జవాబు వచ్చే అవకాశం ఏమాత్రం ఉన్నా, తోబుట్టువుల హెచ్‌ఎల్‌ఏ పరీక్ష (మజ్జ సరిపోతుందో చూసేది) ఆరో సైకిల్ దాకా ఆగకుండా మొదటి నెలలోనే చేయించి ఆ రిపోర్టు కూడా అదే ఫైల్లో పెట్టండి.